ఐర్లండ్ మామా వేసిన ఓటు

మొన్న మోకాళ్ల నొప్పికి సాల్మియాలో ఆసుపత్రికి వెళితే, రక్తం తీయడానికి వచ్చిన తెల్ల నర్సమ్మ మాట ప్రతిసారీ చివర్లో పైకి లేస్తూ వినబడింది. ఐర్లండేనా, అందులోనూ ఉత్తరమా అని అడిగాను. కువైట్‌లో వంటపని చేసుకునే కడప మనిషికి ఈ సంగతి ఎలా తెలుసునా అని సూది పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది పాపం. తెలియకేం! శతాబ్దం మారబోయే ఆ రోజుల్లో నేను జాబ్రియాలో ఐర్లండ్ వాళ్లింట్లోనే వంట చేశాను.

ఆ ఇంటావిడ కూడా నర్సే. అంతకుముందు కువైటీల ఇంట్లో అమ్మగారిని పిలిచి అలవాటైన ‘మామా’ అనే పిలుపే ఆమెకూ పెట్టేస్తే నవ్వుకునేది. శుక్రవారం వచ్చిందంటే వాళ్ల దేశం వాళ్లంతా చేరేవారు. ఒకరు ఫిడేలు తీస్తే ఒకరు కళ్లు మూసుకుని పాడేవారు, పాట అయ్యాక రాజకీయాలు మొదలై గిన్నెలు కడుగుతున్న నాకు వినబడేంతగా గొంతులు లేచేవి. తిండిలో మాత్రం ఉడకబెట్టిన ఉర్లగడ్డ దగ్గరే ఆగిపోయిన జనం, వాళ్లకు మిరపకాయ రుచి చూపించింది నేనేనని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాను. మామా పుట్టిన ఊళ్లో రెండు శాఖల క్రైస్తవుల వీధుల మధ్య ఎత్తయిన గోడ ఉండేదట, గోడ అవతలివాళ్లు ఆమె తమ్ముణ్ణి కాల్చి చంపారట. విన్నప్పుడు ఇది మా ఊరి కథే కదా అనుకున్నాను. నా భర్తను కూడా ఎదుటి వర్గం వాళ్లే చంపారు, ఆ తర్వాతే నేను కొడుకుని అత్తగారి దగ్గర వదిలి కువైట్ వచ్చాను.

అంతలో వాళ్లకు శాంతి ఒప్పందం కుదిరింది, దానికి జనం ఓటు వేయాల్సి వచ్చింది. సరేనంటే ఇరువైపులా హత్యలు చేసినవాళ్లు జైలు నుంచి బయటికొస్తారు, ఆమె తమ్ముణ్ణి చంపినవాడితో సహా. మామా సెలవు పెట్టి, సరేనని ఓటు వేయడానికే విమానమెక్కింది. నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే మా ఊరి పెద్దలూ అప్పుడే రాజీ మాట ఎత్తారు. హత్యను కళ్లారా చూసిన సాక్షిని నేను; నేను వెనక్కి తగ్గితే కేసు పోతుంది, రెండు వర్గాలూ కత్తులు దించుతాయి. చస్తే ఒప్పుకోనని కబురు పంపి ఉన్నాను. అక్కడేమో నాయన పగ తీర్చాలని నా పసివాడికి అప్పుడే నూరిపోస్తున్నారు.

తిరిగొచ్చిన మామా వంటింట్లో స్టూలు మీద కూలబడి ఏడ్చింది. వాణ్ణి క్షమించావా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. తమ్ముడు ఎటూ తిరిగిరాడు, మా అక్క పిల్లలు ఆ వీధిలో తిరగాలి కదా అంది, నాకు అర్థమయ్యే ముక్కల ఇంగ్లీషులో. క్షమించకుండా కూడా రాజీపడవచ్చని నాకు అప్పటిదాకా తట్టలేదు. మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పుడు ఇంటికి మాట్లాడాలంటే కార్డు కొనుక్కుని టెలిఫోన్ బూత్ ముందు నిలబడాలి. అలా నిలబడే నా భర్త అన్నకు ఫోను చేశాను.

“బావా, రాజీకి ఒప్పుకుంటాండా. నా కొడుకుని మాత్రం మీ పగల్లోకి ఈడ్సొద్దండి. ఆ మాట మీరు నాకియ్యాల.”

ఆయన “సరేమ్మా” అన్నారు. మా అత్తగారు మాత్రం పోయేదాకా నాతో మాట్లాడలేదు. ఆమె కోపం న్యాయమే, నేను చేసిందీ న్యాయమే. ఈరోజు మళ్లీ అడిగినా అదే చెబుతాను.

నా కొడుకు ఇప్పుడు ఫహాహీల్‌లో ఉంటూ క్రేన్ నడుపుతున్నాడు. గదిలో వాడికి తోడెవరనుకున్నారు, నా భర్తను చంపినవాడి కొడుకే. సెలవు రోజు నేను వెళితే ఆ అబ్బాయే సంగటి కెలికి, “ఇంగ కొంచెం ఏసుకో పెద్దమ్మా” అంటూ వడ్డిస్తాడు. మొదటిసారి ముద్ద కలిపి పళ్లెంలోనే వదిలేసి లేచాను, ఇప్పుడు కడుపునిండా తింటాను. ఆ పాత పగ పిల్లలకు అంటకూడదని కోరుకున్నాను, అంటలేదు. చనిపోయిన తన నాన్న సంగతి నా కొడుకు అడగడు, వాళ్లిద్దరి మధ్య దాన్ని తేవడం ఇష్టంలేక నేనూ ఎత్తను. మా ఆయన ఎంత బాగా నవ్వేవాడో చెప్పుకోవడానికి మాత్రం నాకు మనిషి లేకుండా పోయింది.