బొగ్గుపులుసు వాయువు

వనపర్తి గ్రంథాలయంలోని పాత సైన్సు పుస్తకం కార్బన్ డయాక్సైడ్‌ను బొగ్గుపులుసు వాయువు అంటుంది. కోడేరు దగ్గర గాలిలోంచి దాన్ని పట్టే యంత్రం పెట్టిన చిన్న కంపెనీలో ఆపరేటర్‌గా చేరినప్పుడు ఆ మాటే అమ్మకు గర్వంగా చెప్పాను.

"పులుసా? గట్లయితే రొట్టెలకు జర తేరా కొడుకా," అని నవ్వింది.

ఆ యంత్రంతో ఎండలు ఎప్పటికైనా తగ్గుతాయని నేను నిజంగానే నమ్మాను. వేసవిలో కరెంటు పోతుంటే, యంత్రం ఆగకూడదని జనరేటర్ వేయించారు. డీజిల్ కాలితే వచ్చేదీ ఆ వాయువే, మేం పట్టేదానికన్నా ఎక్కువ. ఇంజనీరుకు తెలియదేమో, చెబితే ఆపుతాడు అనుకుని వెళ్లి చెప్పాను.

"తెల్వక నడుపుతున్నమా అన్నా? ఆపితే పెట్టుబడి పెట్టేటోళ్లు ఊకుంటరా? కంపెనీయే ఉండదు," అన్నాడు.

తెలిసినవాడికి ఇంకేం చెప్పను? జనరేటర్ పొగ మా యంత్రం వైపే వెళ్తోంది. వెళ్లి మళ్లీ డీజిల్ పోశాను.