నంబర్లు కలవని గడియారం

1976లో మా ఉస్తాద్ రాచప్ప చూపు పోయి న్యాల్‌కల్‌కు వెళ్లిపోతూ, జహీరాబాద్ బస్టాండ్ ఎదుటి గడియారాల దుకాణాన్నీ, పనిలో కంటికి పెట్టుకునే తన భూతద్దాన్నీ నాకు అప్పగించాడు. అప్పటికి నాకు అంకెలు తప్ప అక్షరాలు రావు.

రెండేళ్లకు మొగుడంపల్లి పటేల్ తన తాత జేబు గడియారం తెచ్చాడు. వెండి కేసు, లోపల ముళ్లను నడిపే అమెరికా మిషన్. మూత లోపల ఉస్తాద్ సూదితో గీసిన గుర్తు ఉంది. బాగుచేసిన ప్రతి గడియారంలోనూ అలా గీయడం మా పనిలో రివాజు. కేసు మీద ఒక నంబరు, మిషన్ మీద ఇంకొకటి. నా చేతికొచ్చిన స్విస్ గడియారాల్లో రెండూ ఒకటే ఉండేవి. ఉస్తాద్ దగ్గర డబ్బా నిండా విడి అమెరికా మిషన్లు ఉండేవి. వెండి కోసం కేసులు కరిగించుకున్నవాళ్లు పారేసినవని చెప్పేవాడు. ఆ రోజు నాకు ఆ మాట మీద నమ్మకం పోయింది; బాగుకు వచ్చిన గడియారాల్లోంచి మార్చి తీసినవేమో అనిపించింది.

పటేల్ ఎదురుగా ఉండగానే నంబర్లు కలవడం లేదని అనేశాను. ఇంతకుముందు ఎవరు విప్పారని అడిగాడు. గుర్తు చూపించాను.

మర్నాడు ఇద్దరం న్యాల్‌కల్ వెళ్లాం. బస్సులో పటేల్ గడియారం నా చేతికివ్వలేదు. అనుమానం నా దాకా కూడా వచ్చిందన్నమాట.

ఉస్తాద్‌ను సూటిగా అడిగాడు. “మా తాత మిషన్ ఏడ వెట్టినవ్ రాచప్పా?”

ఆయన మిషన్ విప్పి ఖాళీ కేసు ఇమ్మని నాతో అన్నాడు. మిషన్‌ను కేసుకు పట్టి ఉంచేవి రెండు మరలు, అంటే చిన్న స్క్రూలు. ఏళ్లు గడిస్తే వాటి తలలు కేసు అంచు మీద నొక్కుకుపోయి గుంటలు పడతాయి. వేరే మిషన్ పెడితే మరలు వేరే చోట కూర్చుంటాయి. ఉస్తాద్ బొటనవేలి గోరు అంచు చుట్టూ తిప్పాడు. తర్వాత పటేల్ వేలు పట్టి అక్కడే తిప్పించాడు.

“ఎన్ని తాకినయ్ పటేలా?”

“రెండే.”

“మిషన్ మారిస్తే నాలుగు తాకుతుండె. అమెరికాల మిషన్ చేసేటోడు ఒకడు, కేసు చేసేటోడు ఇంకొకడు. కొనేటోడు దుకాణంల జత చేపిచ్చుకుంటడు. నంబర్లు ఎట్ల కలుస్తయ్?”

“నీ గోరు మీద నమ్మకమే గని, జర కండ్లతోని గూడ చూస్త,” అని పటేల్ నా అద్దం తీసుకున్నాడు. చూశాడు. నేను మళ్లీ బిగించి ఇచ్చిన గడియారం జేబులో వేసుకుని, మాట తూలానని ఉస్తాద్‌తో చెప్పి బయటికి నడిచాడు.

నేను లేవబోతే ఉస్తాద్ చెయ్యి చాపాడు. “దుకాణం నడుపుకో మాణిక్. నా అద్దం ఈడ వెట్టి పో.”

ఆ అద్దంతో ఆయనకు పని లేదు. అయినా పెట్టి వచ్చాను.

నలభై దాటాక ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నాను, మిషన్ల మీది పేర్లు చదవడానికే. దొరికిన ప్రతి అమెరికా మిషన్‌నూ దాచి, నంబరు, కేసు ఉంటే దాని నంబరు, మరల గుంటలు ఎన్ని అన్నది నోటుబుక్కులో రాసుకున్నాను. ఎనభైల చివరికి ముప్పై ఒకటి చేరాయి. కేసుతో దొరికిన వాటిలో ఒక్కదాని నంబరూ కేసుతో కలవలేదు.

నేర్చుకున్నది ఇంతే. అనుమానం వస్తే ముందు మిషన్ బయటికి తీసి చూడాలి. అది చూడకముందు గడియారం తెచ్చిన గిరాకీ దగ్గర ఇంకో పనివాడి పేరు ఎత్తకూడదు. చూశాక చాలాసార్లు ఎత్తాల్సిన అవసరమే రాలేదు.