మస్తానమ్మ అంటించిన ప్లాస్టరు

పొద్దున వేలికి వేసిన ప్లాస్టరు పీకుతుంటే జిగురు వాసన గుప్పుమంది. ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను. ఆ వాసనకి నాకు దెబ్బ గుర్తు రాదు, మా ఊరి అంగన్‌వాడీ టీచరు మస్తానమ్మ గుర్తొస్తుంది.

నేను బడికి పోయినవాణ్ణి కాదు. పేపర్లు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను, దాంతో నాకు తెలియంది లేదనుకునేవాణ్ణి. నా మనవరాలు హాసినికి నాలుగేళ్లప్పుడు కుడికన్ను ముక్కువైపు తిరిగి ఉండేది. మెల్లకన్ను అదృష్టమని మా ఊళ్లో నమ్మకం. మిరపనారు నాటే రోజున మొదటి మొక్క ఆ పిల్ల చేతే పెట్టించేవాళ్లు. నేను మీసం మెలేస్తూ వెంట పోయేవాణ్ణి. కోడలు ఆసుపత్రి మాటెత్తితే, అద్దాలు తగిలిస్తే రేపు దాన్నెవడు చేసుకుంటాడని కసిరాను.

ఒక మధ్యాహ్నం మస్తానమ్మ మా కళ్లంలోకి వచ్చింది. ఎండుమిరప రాశి ముందు హాసినిని కూర్చోబెట్టి, మంచి కన్ను అరచేత్తో మూసి, తెల్లమచ్చ పడ్డ తాలుకాయలు ఏరమంది. రోజూ చకచకా ఏరే పిల్ల తడుముకుంటూ తాలుకాయల్ని మంచివాటిలో వేసింది.

"చూశావా బాబాయ్, ఆ కంటికి చూపు తగ్గిపోతోంది. ఆలస్యం చేస్తే అద్దాలు పెట్టినా రాదు. దీని అదృష్టం మీ చేలకే గానీ దీనికేదీ?"

మర్నాడే రెండు బస్సులు మారి నరసరావుపేట పోయాం. తీరా పోతే ఆ రోజు బుధవారం, పిల్లల కళ్ల డాక్టరు గురువారమే వస్తాడన్నారు. కోత పనులు వదిలి వచ్చిన కోడలు బెంచీ మీద కూలబడింది. ఆ ఒక్క ముక్క గోడ మీద రాయడానికి సుద్దముక్క దొరకలేదా వాళ్లకి? ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఇక చాలు పొమ్మన్నాను నేను. గురువారం మస్తానమ్మే వచ్చి మమ్మల్ని బస్సెక్కించింది. అద్దాలు రాసి, రోజూ కొన్ని గంటలు మంచి కంటికి ప్లాస్టరు వెయ్యమన్నారు, మెల్లకంటికి పని పడాలని.

హాసిని దాన్ని అంటించడం ఆలస్యం పీకి పారేసేది. బతిమాలాను, బెదిరించాను. మస్తానమ్మ చూసి చూసి, ముందు నువ్వు వేసుకో బాబాయ్ అని నా కంటికీ ఒకటి అతికించింది. గ్లాసులో పోయబోయిన మజ్జిగ పంచె మీద పడింది.

"ఏంది తాతా, గ్లాసు ఇక్కడుంటే!" హాసిని పడీపడీ నవ్వింది. ఆ రోజు ప్లాస్టరు పీకలేదు. అప్పట్నుంచీ తాతామనవరాళ్లం సాయంత్రాలు ఒంటికన్నుతోనే వీధి తిరిగాం. ఎగతాళి చేసినవాళ్లని తిట్టడానికి నేనున్నాగా.

మరుసటి పంటకి హాసిని మంచి కన్ను తనే మూసుకుని రాశి ముందు కూర్చుంది. నేను ఏరిపెట్టిన మంచికాయల కుప్పలోంచి ఒకటి పైకెత్తింది. "ఇది తాలు తాతా. నీకు కనపళ్లా?" మస్తానమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

తర్వాత ఆపరేషనుతో కన్ను చక్కబడింది. హాసిని ఇప్పుడు పదో తరగతి. మస్తానమ్మ రిటైరై కూతురి దగ్గరికి పోయింది, నాకో అలవాటు అంటించి. ఎక్కడ పసిపిల్లలు కనపడినా ఒక కంటికి అరచెయ్యి అడ్డం పెట్టి, జేబులోంచి మిరపకాయ తీసి ఇదేందో చెప్పమంటాను. చాదస్తమంటారు, అననీ. మొన్న ఈపూరులో పెళ్లికి పోతే ఒక పసిది కనపళ్లేదంది. విస్తరి ముందు నుంచి లేచి వాళ్ల నాన్నని పక్కకు లాక్కెళ్లాను.

"గురువారం నరసరావుపేట పో అబ్బాయ్," అన్నాను. "బుధవారం పోతే డాక్టరుండడు."