రెండు వేళ్ల ఎత్తు

పెనుకొండలో ఒక కార్ల మెకానిక్ ఉండేవాడు, టేపు వాడేవాడు కాదు. కారు కింద వేళ్లు పెట్టి ఎత్తు కొలిచేవాడు. నాకు నెలలు నిండినప్పుడు, మా ఊరి దోవలో రాళ్లకు అడుగుభాగం తగలకుండా మా పాత కారును నాలుగు వేళ్లు లేపమని మా ఆయన అడిగాడు.

"ఇది ముందు చక్రాలు లాగే బండబ్బా. అంత లేపితే యాక్సిల్ ఊడొస్తాది. రెండు వేళ్లే."

"ఏమప్పా, భయమా?"

"భయమే. ఊరికే పోయే బండి నిలిస్తే నేనొచ్చి తోస్తా. కాన్పుకు పోయే బండి నిలిస్తే ఏం జేయాల?"

పాడైన బోరు మోటారు ఇనుముతో తానే బిళ్లలు కోసి స్ప్రింగుల మీద బిగించాడు. ఇంటికి వస్తుంటే దోవకు అడ్డంగా పారే వంక దగ్గర కారు అడుగు మళ్లీ రాళ్లకు గీరుకుంది. మా ఆయన తిరిగి పోయి చెప్పినా ఇంకా లేపనన్నాడు. నాకు నిద్ర కరువైంది.

నాలుగో రోజు నొప్పులొచ్చాయి. ధర్మవరం ఆసుపత్రికి బయల్దేరాం. వంక దగ్గర కళ్లు మూసుకున్నాను. అడుగు ఎక్కడా తగల్లేదు. పెద్ద రాళ్లన్నీ ఎవరో పక్కకు దొర్లించారు.

"పెనుకొండ మెకానిక్ అంట. గడ్డపార తెచ్చుకొని రెండు దినాలు తీసినాడు," అంది అక్కడ గొర్రెలు కాసే అవ్వ.

తర్వాత పాపను తీసుకెళ్లి మెకానిక్‌కు చూపించాను. "ఎందుకన్నా అంత కష్టపడ్డావు?" అని అడిగాను.

"బండి అంతకంటే లేవదు కదమ్మా," అన్నాడు.