నేను రాయని పరీక్షలో వచ్చిన ప్రశ్నలు

ఉన్నమాట ముందే చెప్పేస్తాను. నేను లంచం తినలేదు. ఒకరి పొలం ఇంకొకరి పేరున ఎక్కించలేదు. రెవెన్యూ ఆఫీసులో పన్నెండేళ్ళు పనిచేసి ఈ మాట అనగలిగినందుకు నాకు కాస్త పొగరు కూడా ఉండేది. ఇప్పుడు లేదు. నేను చేసిందల్లా ఒక పెద్దామెకు పదకొండు ప్రశ్నలు చెప్పడం. ఆ పదకొండూ నేను కల్పించినవి.

మా కాపురం ఆత్మకూరులో, ఉద్యోగం ఉదయగిరిలో. రోజూ బస్సు. పోతూ వస్తూ ఒళ్ళో పుస్తకం పెట్టుకుని చదివేవాణ్ణి. మా దాంట్లో జూనియర్ అసిస్టెంటు సీనియర్ అసిస్టెంటు కావాలంటే డిపార్ట్‌మెంటల్ టెస్టు పాసవ్వాలి. ఏడాదికి రెండుసార్లు పెడతారు, నెల్లూరులో, కంప్యూటర్ మీద. ప్రశ్నపత్రం చేతికివ్వరు. అందుకని రాసొచ్చినవాళ్ళు గుర్తున్నన్ని ప్రశ్నలు ఆఫీసులో మిగతావాళ్ళకు చెప్పడం, వాళ్ళు నోటుబుక్కులో రాసుకోవడం మాలో ఆనవాయితీ. ఆ నోటుబుక్కుల మీద మాకున్న నమ్మకం పుస్తకాల మీద కూడా ఉండదు.

నా ఎదురు సీటు అక్కది. అక్క అంటున్నాను గానీ వయసులో మా అమ్మకన్నా కాస్త చిన్న, అంతే. ఆమె భర్త మా ఆఫీసులోనే సీనియర్ అసిస్టెంటుగా ఉంటూ చనిపోయాడు. కారుణ్య నియామకం కింద ఈమెను అటెండరుగా తీసుకున్నారు. భర్త కూర్చున్న గదిలోనే అందరికీ టీలు అందిస్తూ, దూరవిద్యలో డిగ్రీ కట్టి, జూనియర్ అసిస్టెంటు అయింది. టెస్టు రెండుసార్లు రాసింది, రెండుసార్లూ నాలుగైదు మార్కుల్లో పోయింది. ఇంకో మూడేళ్ళలో రిటైరవుతుంది.

"నాకు జీతం కోసం కాదురా అబ్బయ్యా," అనేది. "ఆయన కూర్చున్న కుర్చీలో ఒక్క నెలన్నా కూర్చోని ఇంటికి పోవాల. టీ గ్లాసులు ఎత్తిన చేత్తో ఆడ సంతకం పెట్టాల. అంతే నాకు."

ఇక నా సంగతి. పెళ్ళయిన కొత్తలో నా భార్యకు ఊటీ చూపిస్తానని మాటిచ్చాను. ఎనిమిదేళ్ళయింది. ఎలక్షన్లని ఒక ఏడు, తుఫాను డ్యూటీ అని ఒక ఏడు, పాప కడుపులో ఉందని ఒక ఏడు. చివరికి ఆమె అడగడం మానేసింది. అడిగినప్పటికన్నా అడగనప్పుడే నాకు భయమేసింది. అందుకని ఒకరోజు గట్టిగా అనుకుని, కొండెక్కే ఆ చిన్న రైలుకు రెండు నెలల ముందే మూడు టికెట్లు బుక్ చేశాను. ఆ టికెట్లు దొరకడమే గగనం. మా ఆవిడ ఆ మెసేజీని వాళ్ళమ్మకు, అక్కచెల్లెళ్ళకు, పక్కింటివాళ్ళకు అందరికీ పంపింది.

పది రోజులకు పరీక్ష టైంటేబుల్ వచ్చింది. నా పేపరు మంగళవారం పొద్దున. చిన్న రైలు కూడా మంగళవారం పొద్దునే.

పరీక్ష వదిలేద్దామనుకున్నాను. ఇంట్లో కూడా అదే చెప్పాను, తర్వాతిసారి రాస్తానని. కానీ సెలవు? ఆఫీసులో భూముల రీసర్వే పని నెత్తిమీద ఉంది. పేరు తప్పు పడిందని ఒకరు, పొలం విస్తీర్ణం తగ్గిందని ఒకరు, పొద్దున్నించీ అర్జీలే. రోజుకో వీడియో కాన్ఫరెన్సు. ఊటీ అని సెలవడిగితే మా ఆఫీసరు నన్ను పైనుంచి కిందికి చూసి పంపేసేవాడు. అందుకని పరీక్ష అని, చదవడానికీ రాయడానికీ కలిపి నాలుగు రోజులు అడిగాను. రాయబోని పరీక్షకు సెలవడిగాను.

అదే రోజు అక్క కూడా అడిగింది. ఆమెది నిజం పరీక్ష.

"ఇద్దరూ ఒకేసారి పోతే పని ఎవరు చేస్తారు? ఒక్కరికే ఇస్తాను. ఎవరో మీరే తేల్చుకోండి," అన్నాడు ఆఫీసరు.

వరండాలోకి వచ్చాం. నాకు నోరు పెగల్లేదని రాసుకుంటే బాగుండేది. బాగానే పెగిలింది.

"అక్కా, నేను ఈసారి బాగా చదివినాను. ఇప్పుడు వదిలేస్తే మళ్ళీ అంతా మర్చిపోతాను. నీకేం, నీకు బుక్కంతా నోటికే వచ్చు గదా," అన్నాను.

ఆమె కాసేపు నా ముఖంలోకి చూసింది. పసిగట్టిందేమో అనుకున్నాను. ఏమీ లేదు, మనసులో తన వాటా వదులుకుంటోంది.

"సరే పోరా. ఇంట్లో చిన్నబిడ్డను పెట్టుకోని బస్సుల్లో చదివినావు, నేను చూస్తానే ఉండా గదా. నేను వచ్చేసారి రాస్తాలే. రాసొచ్చి ప్రశ్నలన్నీ జ్ఞాపకం పెట్టుకోని చెప్పు. అది చాలు నాకు."

అప్పుడైనా చెప్పొచ్చు. ఛీ! చెప్పలేదు. థాంక్స్ అక్కా అన్నాను.

మంగళవారం పొద్దున ఏడున్నరకు చిన్న రైలు కొండ మొదట్లో ఉంది. నా భార్య కిటికీ పక్కన పాపను ఒళ్ళో పెట్టుకుని, చెయ్యి బయటపెట్టొద్దని పాపకు చెప్తూ తనే చెయ్యి బయటపెడుతోంది. నా ఫోను మోగింది. అక్క.

"హాల్ టికెట్ ఉండాదా? ఆధార్ కార్డు పెట్టుకున్నావా?"

"అన్నీ ఉండాయక్కా," అన్నాను, అటు తిరిగి గొంతు తగ్గించి.

రైలు కూత పెట్టింది. కొండలు దద్దరిల్లేటట్టు పెట్టింది.

"ఏందిరా ఆ కూత?"

"సెంటరు రైల్వే స్టేషన్ పక్కన్నే అక్కా," అన్నాను. అంత గబుక్కున అబద్ధం నా నోట్లోంచి ఎట్లా ఊడిపడిందో నాకిప్పటికీ తెలియదు.

"కూతలకు బెదరబాక. ప్రతి ప్రశ్నా రెండుసార్లు చదువు. నేను తొందరపడే పోగొట్టుకున్నా. టిఫిన్ తిన్నావా?"

తిన్నానన్నాను. ఫోను పెట్టేశాక, "ఎవరండీ?" అంది నా భార్య. ఆఫీసు అన్నాను. "సెలవులో కూడా మిమ్మల్ని వదలరా!" అని పాపం నా భుజం నిమిరింది. కొండెక్కుతుంటే చలేసిందన్నారు అందరూ. నాకు చెవుల్లోంచి వేడి వచ్చింది. అయినా మధ్యాహ్నానికి మర్చిపోయాను. అది ఇంకా సిగ్గుచేటు. పడవెక్కాను, ఫొటోలు దిగాను, మొక్కజొన్న పొత్తులు తిన్నాను, బాగా నవ్వాను.

శుక్రవారం ఆఫీసుకు పోయేసరికి నా బల్ల మీద ఒక్క కాగితం లేదు. నాకొచ్చిన అర్జీలన్నింటికీ అక్కే జవాబులు రాసి, కట్టలు కట్టి పంపేసింది. తన నోటుబుక్కు తెరిచి, పెన్ను మూత తీసి కూర్చుని ఉంది.

"ముందు కూర్చో. రోజులు గడిస్తే మర్చిపోతావు. చెప్పు."

గుర్తులేదు అందామనే అనుకుని వచ్చాను. బస్సులో అదే మాట పదిసార్లు అనుకున్నాను. కానీ నా పనంతా చేసిపెట్టిన మనిషితో ఒక్క ప్రశ్న కూడా గుర్తులేదనడానికి ముఖం చెల్లలేదు. అందుకని మొదలుపెట్టాను. బదిలీ అయినవాడికి చేరడానికి ఎన్ని రోజుల గడువిస్తారు? సస్పెండైనవాడికి మొదటి మూడు నెలలు ఎంత ఇస్తారు? చెప్తున్నకొద్దీ జంకు పోయింది. అమ్మో, మనిషి ఎంత తొందరగా పాడవుతాడు! ఆమె ఇప్పటికే చదివేసినవి చెప్తే అనుమానం వస్తుందని మారుమూల అధ్యాయాల్లోంచి తీశాను. కొండ ప్రాంతాల్లో పనిచేసేవాళ్ళకిచ్చే అలవెన్సు మీద కూడా ఒకటి చెప్పాను. అది ఎందుకు నోటికొచ్చిందో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

"కొండ అలవెన్సా? అది నేను చదవనేలేదే!" అని ఆమె దాని కింద రెండు గీతలు గీసింది.

తర్వాత ఆరు నెలలు మధ్యాహ్నం అన్నాల టైంలో ఆమె ఎడమచేత్తో పుస్తకం తిప్పుతూ కుడిచేత్తో తినేది. నాలుగు రోజులు కొండ అలవెన్సు కోసమే వెతికింది. దొరికిన రోజు నాకు ఒక ముద్ద గోంగూర పచ్చడి ఎక్కువ వేసింది. తిన్నాను. ఒకసారి ధైర్యం చేసి, "అవే పట్టుకోని ఉండబాక అక్కా, అవి మళ్ళీ రావు," అన్నాను.

"నీకు తెలీదురా, రిపీట్ అవుతాయి. పోయినసారి మూడు అయినాయి," అంది.

ముందుసారి ఫలితాలొచ్చినప్పుడు నాది పోయిందని అందరికీ చెప్పాను. ఆ తర్వాతి పరీక్షకు పని తగ్గింది, ఇద్దరికీ సెలవిచ్చారు. ఆ ఆరు నెలలు నేను మాత్రం చదవాల్సినవి చదివాను. హాల్లో నాకు రెండు వరసల ముందు ఆమె కూర్చుంది. వీపు కనబడుతూనే ఉంది. బయటికొచ్చాక గేటు దగ్గర నా కోసం నిలబడి ఉంది.

"నువ్వు చెప్పినవి ఒక్కటీ రాలేదురా," అంది. కోపంగా కాదు. వానలు పడలేదు అన్నట్టు అంది.

నేను పాసయ్యాను. ఆమె మూడు మార్కుల్లో పోయింది. ఆ నెలలోనే మా ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు వేరే ఊరికి బదిలీ అయ్యాడు. సీనియారిటీలో అక్క పేరు నాకన్నా పైన ఉంది. టెస్టు పాసై ఉంటే ఆ కుర్చీ ఆమెదే. పాస్ కాలేదు గనుక తర్వాతి పేరుకు వచ్చింది. తర్వాతి పేరు నాది. ఆర్డరు వచ్చిన రోజు ఆమె మైసూర్‌పాకు తెచ్చి అందరికీ పంచింది. నా నోట్లో తన చేత్తోనే పెట్టింది.

ఆ సాయంత్రం ఉదయగిరి బస్టాండులో ఆమెను ఆపి మొత్తం చెప్పేశాను. ఊటీ, చిన్న రైలు, పదకొండు ప్రశ్నలు, అన్నీ. చెప్తే తేలికవుతుందనుకున్నాను. తిడుతుందని, చెంప పగలగొడుతుందని కూడా అనుకున్నాను. ఆ రెంటికీ సిద్ధపడే వచ్చాను.

ఆమె సంచి కింద పెట్టి బెంచీ మీద కూర్చుంది. నెల్లూరు బస్సు వచ్చింది, పోయింది.

"ఇప్పుడెందుకు చెప్పినావు?" అంది.

బెంచీ చివర కూర్చోబోయి మళ్ళీ నిలబడ్డాను.

"నా బుర్ర ఇంతే, నాకు రాదు అనుకోని సర్దుకున్నానురా. మూడు దినాలు ఏడ్చినా, సర్దుకున్నా. ఇప్పుడు వచ్చి, నీకు వచ్చేదేగానీ నేను రానీలేదు అంటా ఉండావు. నేనేం చేసుకోవాల ఈ మాటను? నీ కడుపుబ్బరం తీరాలని నా కడుపులో పోసినావు."

"తప్పయిపోయిందక్కా," అన్నాను. ఇంతకన్నా పనికిమాలిన మాట తెలుగులో ఉందా?

"ఆ పిల్లకు తెలుసా?" అంది. నా భార్యనే అడుగుతోంది.

"తెలీదు."

"చెప్పబాక. ఎనిమిదేళ్ళకు ఒక్కసారి పోయొచ్చింది. అది కూడా పాడు చెయ్యబాక." సంచి తీసుకుని లేచింది. వెళ్ళిపోయింది.

ఇంటికొస్తే నా భార్య ప్రమోషన్ సంబరంలో ఉంది. "మీకు అంత సాయం చేసే ఆ అక్కను ఒకసారి భోజనానికి పిలుద్దామండీ," అంది. ఆమె రాదులే అన్నాను. "అడక్కుండానే ఎట్టా చెప్తారు? ఇటు ఇవ్వండి ఫోను," అని లాక్కుని తనే చేసింది. అవతల్నుంచి ఏం వినిపించిందో నాకు తెలియదు. "వస్తారంటండీ, ఆదివారం," అని నవ్వుతూ ఫోను చేతికిచ్చింది.

ఆదివారం పన్నెండుకు ఆమె బస్సు దిగి నిజంగానే వచ్చింది. పాపకు గాజులు తెచ్చింది. నన్ను పలకరించింది కూడా, ముఖం చూడకుండా. అన్నానికి కూర్చోబోయే ముందు నా భార్య ఫోను తీసి, "ఊటీ ఫొటోలు చూశారా అక్కా?" అంది. నేల చీలితే దూరిపోదామనిపించింది.

"చూళ్ళేదమ్మా. చూపించు," అంది అక్క.

ఒక్కొక్కటీ చూసింది. కళ్ళజోడు పెట్టుకుని, ఫోను దూరంగా పట్టుకుని, ఇదేంది, అదేంది అని అడుగుతూ చూసింది. తేయాకు తోటలు బాగుండాయంది. పాప టోపీ బాగుందంది. పడవ దగ్గర తీసిన ఫొటో దగ్గర ఆగింది. అందులో నేను నోరంతా తెరిచి నవ్వుతున్నాను.

"ఇది ఏ దినం తీసింది?"

"మేం ఊటీ చేరిన దినమేనక్కా. మంగళవారం మధ్యాహ్నం," అంది నా భార్య.

అక్క ఫొటోను వేళ్ళతో పెద్దది చేసింది. నా ముఖం ఒక్కటే స్క్రీను నిండా వచ్చింది. దాన్ని చాలాసేపు చూసింది.

"ఎంత బాగా నవ్వినాడో చూడమ్మా," అంది. "ఆఫీసులో ఇట్టా నవ్వంగా నేను ఎప్పుడూ చూళ్ళా."

నా భార్య మురిసిపోయింది. ఫోను తిరిగిచ్చి అక్క అన్నానికి కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. ఇంకాస్త అన్నం పెట్టమంటావా అక్కా అని అడగడానికి నాకు నోరు రాలేదు. నా భార్యే అడిగింది, నా భార్యే పెట్టింది.