తూర్పు వాలుకు కావలి

సంజీవప్పకు కుదురు లేదని ఊరంతా అనేది. అబద్ధమేమీ కాదు. ధర్మవరంలో మగ్గం ముందు కూర్చుంటే కాళ్లు పీకేవి. హిందూపురం మిల్లులో రోజూ అదే గోడను చూడలేక మానేశాడు. పెనుకొండ దగ్గరి కార్ల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌తో గొడవపడి మధ్యాహ్నం బస్సుకే ఇంటికి వచ్చేశాడు. అలాంటివాడు ఊరి ఉమ్మడి గుట్టకు ఇరవై ఏళ్ల ప్రణాళిక చెబితే నవ్వరా మరి!

గుట్ట మీద చెట్లు చావలేదు, ఎదగనిస్తే కదా! నరికిన మొద్దులు వానలకు చిగురిస్తాయి. మోకాలెత్తు రాకముందే మేకలు కొరికేస్తాయి. కొత్త గడ్డి కోసం ఎండాకాలంలో ఎవడో నిప్పు పెడతాడు. అందుకే నాలుగు వాలుల్లో ఒక్కోదాన్ని ఐదేళ్ల చొప్పున మూసేద్దామన్నాడు సంజీవప్ప. ముందుగా తూర్పు వాలు.

పాలకేంద్రం ముందు చేరిన జనంలోంచి చెన్నకేశవులు అడిగాడు. "కావలి ఎవరప్పా? వచ్చే నెలకు నువ్వు యాడుంటావో నీకే తెల్దు."

"నేనొక్కణ్ణే ఎందుకన్నా? ముందర ఊరి మందను ఇంటికొక దినం వంతేసుకొని కాస్తాన్యారు గదా. అట్లే కాద్దాం."

"సరే, మొదటి వంతు నీదే. నువ్వు ఒక్క మేకను వదిల్తే మేమూ వదుల్తాం. ఆడికి నీ ఇరవై ఏండ్లు అయిపాయ!"

అందరూ ఒప్పుకున్నారు. వాలులో దొరికిన మేకలు తెల్లారేదాకా పాత బందెలదొడ్డిలో ఉండాలి. దొడ్డికి తోలిన కావలివాడే వాటికి మేత వేయాలి.

మర్నాడు సంజీవప్ప వాలు మీద పైకీ కిందికీ తిరిగాడు. కూర్చున్నాడు, లేచాడు, రాళ్లు విసిరాడు. రోడ్డు మీద పోయే ప్రతి బస్సూ తననే పిలుస్తున్నట్టుంది. ఇంతలో మెడగంటలు వినిపించాయి. అతన్ని సాకిన ఉలిగమ్మవ్వ మేకలవి. వెనకే కట్టెతో అవ్వ.

"అవ్వా, ఈడ మూసినాం గదా!"

"మూస్తే ఊరోళ్లకు మూసింటారు. కావలి మనోడే గదా అని వచ్చినా."

ఈ పూటకు పోనీలే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కింద పాలకేంద్రం దగ్గర జనం తలలెత్తి చూస్తున్నారు. అతను కట్టె తీసుకుని మేకలను ఊరివైపు మళ్లించాడు.

"రేయ్ సంజీవా! తల్లి లేనోడివని వీటి పాలు తాపి పెంచితి గదరా నిన్ను!"

అవ్వ తిట్లు దారి పొడుగునా వెంట వచ్చాయి. అతను దొడ్డి గడియ పెట్టాడు.

దొడ్డి దగ్గరికి వచ్చిన చెన్నకేశవులు నవ్వలేదు. "నిజంగానే తోలుకొస్తివే! రేపు వంతు మాదబ్బా."

"పొద్దున్నే పో అన్నా."

చేనిగట్టు మీద తుమ్మకొమ్మలు కొట్టి మోసుకొచ్చేసరికి సంజీవప్ప చేతులు గీసుకుపోయాయి. అవ్వ దొడ్డి తలుపుకు ఆనుకుని, అటు తిరిగి కూర్చుంది.

"ఆ నల్లదానికి వేరేగా వెయ్యి," అంది తల తిప్పకుండానే. "సూడిది, ఈనే దినాలు. మిగతావి పొడుస్తాయి."

అతను ఒక కొమ్మ విరిచి, నల్లమేకకు అందేలా పట్టుకున్నాడు. అవ్వ ఇంకా అతని వైపు తిరగలేదు.