ఏ దీపానికి ఆ దీపం

లెక్క సరిపోయిందండీ! మా అమ్మాయి లెక్క సరిపోయింది! మద్రాసులో పెద్ద పెద్ద ప్రొఫెసర్లు నలుగురు కూర్చుని, తిరగేసి మరగేసి చూసి, ఎక్కడా తప్పు పట్టలేక సంతకాలు పెట్టేశారు. ఈ మాట అందరికంటే ముందు వినవలసిన మనిషి మా బావగారు, అంటే మా ఆవిడకు స్వయానా అన్నగారు. ఆయన మొన్న గురువారం మధ్యాహ్నం పోయారు. వినకుండానే పోయారు.

నాటక సంఘం వారు తమ పుస్తకంలో వెయ్యడానికి ఆయన గురించి నాలుగు మాటలు రాసిమ్మన్నారు. నేను ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి పాలకొల్లు బజారులో పప్పుల కొట్టు మీద కూర్చున్నవాణ్ణి. రాయడం చేతకాదు. పైగా ఏడవవలసిన చోట సంతోషం పొంగుకొస్తోంది. శ్మశానంలోనూ అంతే. పలకరించడానికి వచ్చిన ప్రతివారి చెయ్యీ పట్టుకుని "మా అమ్మాయి లెక్క సరిపోయిందండీ" అన్నాను. పాపం, మతి చలించిందనుకున్నారు కొందరు. మతి బాగానే ఉంది. జరిగింది చెబుతాను, మీరే చూడండి.

ఆయన్ని మీరంతా ఎరుగుదురు. ముప్పై ఏళ్ళు నాటకాలకు లైట్లు కట్టారు. మొదట్లో పెట్రోమాక్సు లైట్లు, తర్వాత కరెంటు దీపాలు. వాటికేసి చూసి చూసి కళ్ళు పోగొట్టుకున్నారు. చివరి నాలుగేళ్ళూ వెలుగూ చీకటీ తప్ప ఇంకేమీ తెలిసేవి కావు. అంతకుముందు, చూపు మందగించిందని సంఘం వారు రాజమండ్రి నుంచి వేరే ఆయన్ని పిలిపించుకున్న కొత్తలో, ముందు వరసలో కూర్చుని, నాటకం మధ్యలోనే అరిచేవారు. "అయ్యా, రాజుగారి కిరీటం నీడ మంత్రి మెడ మీద పడుతోంది. మంత్రి తల నరికేశావు, ఇంక డైలాగెవరు చెప్తారు?" అని. హాలంతా నవ్వేది. ఆ రాజమండ్రి ఆయన మాత్రం ఒకసారి లోపల కూర్చుని ఏడ్చాడట.

ఆయన నోరు మంచిది కాదు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. కానీ ఆయన నోరు మంచిదని నేను రాస్తే చదివినవాళ్ళు పుస్తకం మూసేస్తారు. మన జిల్లాల వాళ్ళకు వెటకారం ఉగ్గుపాలతోనే వస్తుందంటారు. ఆయన ఉగ్గులో ఎవరో మిరపకాయ కూడా అరగదీసి ఉంటారు. నా పెళ్ళిలో ఫొటో తీసేటప్పుడు, అందరి ముందూ, "బావా, మా చెల్లెలి పక్కన మరీ దగ్గరగా నిలబడకు. ఉన్న వెలుగంతా నువ్వే తాగేస్తున్నావు" అన్నారు. నా రంగు మీకు తెలుసు కదా. ఆ ఫొటోలో నేను తల దించుకునే ఉంటాను.

భార్య పోయారు, పిల్లలు లేరు. మా ఇంటికి మూడిళ్ళ అవతల ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవారు. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. మా అమ్మాయికి ఏడేళ్ళప్పుడు, అరుగు మీద ఆడుకుంటుంటే అడిగారు.

"ఒసేయ్, ఆ నీడ ఎవరిదే?"

"నాదే మావయ్యా."

"నీది కాదు. నువ్వు ఏ దీపానికి అడ్డొచ్చావో దానిది."

అది తల తిప్పి దీపం కేసి చూసింది. అలా తిప్పిన తల ఇప్పటికీ అటే ఉంది. ఇంజినీరింగు చదివి, ఇంకా పై చదువుకి మద్రాసు వెళ్ళి, అక్కడా వెలుగూ నీడల లెక్కే పట్టుకుంది.

ఆ లెక్క ఏమిటో నాకు అర్థమైనంత వరకు చెబుతాను. ఒక గది ఉంది, అందులో బోలెడు దీపాలున్నాయి. గదిలో ఫలానా చోట ఎంత వెలుగు పడుతుందో, దీపాలు వెలిగించకుండానే కంప్యూటరు తేల్చాలి. అది ఆ చోటు నుంచి ఒక్కొక్క దీపం దాకా తాడు లాగినట్టు గీత గీసి చూస్తుందట. మధ్యలో ఏదైనా అడ్డొస్తే ఆ దీపం వాటా సున్నా. అడ్డు లేకపోతే దూరాన్నిబట్టి, ఏటవాలునుబట్టి వాటా కడుతుంది. అన్ని వాటాలూ కలిపితే ఆ చోట వెలుగు. ఒక్క బొమ్మలో అలాంటి చోట్లు వేలకు వేలు. అన్నిటికీ, అన్ని దీపాలకూ తాళ్ళు లాగుతూ కూర్చుంటే మిషను రోజుల తరబడి నడవాలి. కాలేజీ వాళ్ళు అంతసేపు ఇవ్వరు. అందుకని మా అమ్మాయి ఒక ఉపాయం కనిపెట్టింది. ఎక్కువ వెలుగివ్వగల దీపాలను ముందు వరసలో పెట్టి, వాటికే తాడు లాగి, మిగిలిన చిన్నవాటికి అంచనా వేసింది. కొట్లో సరుకు చూసేటప్పుడు బస్తాలు తూచి, పొట్లాలకు కంటిచూపుతో సరిపెట్టినట్టు. ఎంత తెలివండీ!

లెక్క నిజమని చూపించడానికి ఒక నిజమైన హాలు కావాలి. మన నాటకాల హాలే పనికొచ్చింది. పైన ఎనిమిది పెద్ద దీపాలు, రెండు పక్కలా పదహారు చిన్నవి. అన్నిటి కొలతలూ పట్టుకెళ్ళి లెక్క వేసింది. తర్వాత వచ్చి, వెలుగు కొలిచే మీటరు అరచేతిలో పట్టుకుని వేదికంతా తిరిగింది. అన్ని చోట్లా సరిపోయింది. వెనక మూల, తులసికోట బొమ్మ పెట్టే చోట మాత్రం సరిపోలేదు. లెక్క అక్కడ దాదాపు చీకటంటోంది, మీటరు వెలుగుందంటోంది. అప్పటికే అనుకున్నదానికంటే ఒక ఏడాది ఎక్కువ పట్టింది. ఈ వేసవి దాటేలోగా తేలకపోతే పట్టా రాదని ప్రొఫెసరుగారు చెప్పేశారు. నేను కూడా చుట్టాల మాటలు విని, తేలకపోతే పెట్టె సర్దుకుని వచ్చెయ్యమ్మా అని ఉత్తరం రాశాను. అంత చదువూ తులసికోట దగ్గర ఆగిపోయింది.

మే నెలలో వచ్చింది. కంప్యూటరు అచ్చు కొట్టిన కాగితం తెచ్చింది. అన్నీ అక్షరాలూ చుక్కలే. దూరంగా పట్టుకుంటే మాత్రం మన వేదిక కనిపిస్తుంది. మా బావగారు దాన్ని ముక్కుకు ఆనించుకున్నారు.

"ఏంటే ఇది, చీమలు పాకిన కాయితమా?"

"మన వేదిక మావయ్యా. ఈ మూల తప్పింది."

అమ్మాయి వేలు ఎక్కడుందో తడిమి చూసుకుని, "ఓహో, ఇదా" అని నవ్వారు.

"నీకు తెలుసా ఎందుకు తప్పిందో?"

"తెలుసు."

"మరి చెప్పవా?"

"చెప్పను. చెప్తే రేపు ఇంకో మూల తప్పుతుంది. అప్పటికి నేనుండను. ఎవర్నడుగుతావు, మీ నాన్ననా? ఆయనకి కందిపప్పుకీ పెసరపప్పుకీ తేడా తెలుసు. అక్కడితో సరి."

మర్నాడు పొద్దున్నే హాలు తలుపులు మూయించారు. పగటి వెలుగు రాకుండా కిటికీలకు గోనెలు కట్టించారు. పైన రేకులు, బయట రోహిణి ఎండ. ఆ మూలలో మా అమ్మాయిని నిలబెట్టి, ఒక్కటే దీపం వెలిగించమన్నారు. కొలవాలి, రాయాలి, ఆర్పాలి. తర్వాత రెండోది. అలా ఇరవై నాలుగూ అయ్యాక, "మళ్ళీ మొదట్నుంచి" అన్నారట.

"ఎందుకు మావయ్యా?"

"నీ మీద నమ్మకం లేక."

మూడోసారి సగంలో మా అమ్మాయి కళ్ళు తిరిగి పడిపోయింది. కబురందుకుని కొట్టు వదిలేసి పరుగెత్తాను. అది నేల మీద ఉంది, ఎవరో మొహాన నీళ్ళు చల్లుతున్నారు. ఆయన బల్ల మీద నుంచి లేవలేదు.

"బావగారూ, మీరు మనిషేనా?" అన్నాను.

"పడ్డప్పుడు మీటరు కింద పెట్టిందా, పైకెత్తి పట్టుకుందా? అది చూడు ముందు."

పైకెత్తే పట్టుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికి తీసుకుపోదామని చెయ్యి పట్టుకుంటే మా అమ్మాయి విదిలించుకుంది. "రేపు కూడా వస్తాను మావయ్యా" అంది. "రాకపోతే ఎవడేడిచాడు" అన్నారాయన.

రెండో రోజు సాయంత్రం దానికి తెలిసింది. కొట్టు దగ్గరికి పరుగెత్తుకొచ్చి, బేరాలు ఉన్నాయని కూడా చూడకుండా, "నాన్నా, చిన్నవే నాన్నా!" అని అరిచింది. ఆ మూలకు పెద్ద దీపాలు ఎనిమిదింటికీ పైన వేలాడే తెర అడ్డం. తాడు లాగి చూసిన పెద్దవాటన్నిటికీ అడ్డొచ్చింది కాబట్టి, చూడని చిన్నవాటికీ అలాగే అడ్డం ఉండి ఉంటుందని దాని లెక్క అంచనా కట్టేసింది. కానీ చిన్నవి పక్కల నుంచి వస్తాయి. వాటికి ఏ అడ్డూ లేదు. ఆ మూలలో ఉన్న వెలుగంతా, ఎందుకూ కొరగావని వదిలేసిన ఆ పదహారింటిదే.

ఆయన దగ్గరికి వెళ్ళి చెబితే, "పక్కదాన్ని చూసి దీన్ని లెక్క కట్టకు. ఏ దీపానికి ఆ దీపం" అన్నారు. అంతకుమించి ఒక్క మెచ్చుకోలు లేదు. ప్రతి చిన్న దీపానికీ, ఎక్కడెక్కడ ఎన్నిసార్లు అడ్డొచ్చిందో దాని చరిత్ర దానికే విడిగా రాసుకునేలా మా అమ్మాయి ఆ లెక్కను మార్చింది. మద్రాసు బయలుదేరుతూ ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టబోతే వెనక్కి లాక్కున్నారు.

"సరిపోయాక పెట్టు. సరిపోకపోతే ఈ కాళ్ళతోనే తంతాను. సరిపోతే మాత్రం ముందు నాకు చెప్పాలి. మీ నాన్నక్కూడా కాదు, నాకు."

సోమవారం కవరు వచ్చింది. "అన్ని మూలలూ సరిపోయాయి నాన్నా. సంతకాలు కూడా అయిపోయాయి. మావయ్యకు వెంటనే చదివి వినిపించండి. ఆదివారం నేను వస్తున్నాను" అని రాసింది. ఆ సంతోషం ఏమని చెప్పను! కొట్టుకి వచ్చిన వాళ్ళందరికీ బెల్లం ముక్కలు పంచాను. ఎందుకో మాత్రం చెప్పలేదు. ఆయన చెవిన పడుతుందని.

మధ్యాహ్నం భోజనానికి వచ్చారు. పీట మీద కూర్చుంటూనే, "ఏవోయ్ బావా, మద్రాసు కబురేంటి?" అన్నారు.

నా కళ్ళ ముందు హాలు నేల మీద పడి ఉన్న పిల్ల మెదిలింది. పెళ్ళి ఫొటో కూడా మెదిలిందేమో. "ఇంకా ఏమీ లేదండీ" అన్నాను.

ఆయన చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళగానే మా ఆవిడ, "చెప్పెయ్యండి పాపం" అంది. "ఆదివారం దాకా ఉడకనీ. అమ్మాయే వచ్చి చెబుతుంది. ఒక్కసారి మన చేతిలోనూ చిక్కనీ" అన్నాను. ఆవిడ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇది రాయవద్దని ఆవిడ అనలేదు. ఆవిడ నాతో ఏమీ అనడం లేదు. వేళకు అన్నం పెడుతోంది, అంతే.

మంగళవారం అడిగారు. లేదన్నాను. బుధవారం వెటకారం లేకుండా అడిగారు. "పోనీ ఒక టెలిగ్రాం ఇద్దామా బావా?" అన్నారు. ఆ గొంతు అలా దిగడం ముప్పై ఏళ్ళలో నేను వినలేదు. నాకు భలే సరదా వేసింది. అవునండీ, సరదాయే వేసింది.

గురువారం ఆయన ఒక్కరే కర్ర తాటించుకుంటూ పోస్టాఫీసుకు వెళ్ళారు. పోస్ట్‌మాన్ తర్వాత నాకు చెప్పాడు.

"అమ్మాయిగారి కవరాండీ? సోమవారమే ఇచ్చేశానండి. మీ బావగారి చేతికేనండి" అన్నాడట.

ఆయన కర్ర ఇంటి వైపు తిప్పుకుంటూ, "అయితే తప్పిందన్నమాట" అన్నారట.

తిరిగి వస్తూ మా కొట్టు ముందు నుంచే వెళ్ళారు. నేను పప్పు తూస్తూ చూశాను. ఆగలేదు. కోపం వచ్చిందనుకుని లోలోపల నవ్వుకున్నాను. గదికి వెళ్ళి, అద్దెకిచ్చిన ఇంటావిడను మంచినీళ్ళు అడిగారట. తాగి, "దాన్నేమీ అనొద్దని మా బావతో చెప్పండి. నేనే చెప్పెయ్యాల్సింది" అన్నారట. మాకు కబురొచ్చి వెళ్ళేసరికి చెంబు ఇంకా చేతిలోనే ఉంది.

టెలిగ్రాం అందుకుని మా అమ్మాయి శనివారం వచ్చింది. స్టేషనులో రైలు దిగుతూనే, "వినిపించారా నాన్నా? ఏమన్నాడు?" అంది.

"చెప్పలేదమ్మా."

"ఎన్ని రోజులు?"

"మూడు."

సామాను తనే మోసుకుంది.

నా సంతోషం తగ్గుతుందేమోనని చూస్తున్నాను. తగ్గడం లేదు. పొద్దున్నే లేవగానే ముందు సరిపోయిందన్నదే గుర్తొస్తుంది, ఆ వెనకాలే రెండోది. చెప్పవలసిన మనిషికి చెప్పలేదు. ఇంక మిగిలినవాళ్ళకైనా చెప్పాలి, లెక్క సరిపోయిందనీ, సరిపెట్టినవారు మా బావగారనీ. ఈ పుస్తకం ఎవరి చేతిలో పడినా దయచేసి చేరవెయ్యండి.

సామర్లకోటలో ఆయన తమ్ముడుగారు. పన్నెండేళ్ళుగా మాటలు లేవు. తలుపు తియ్యకపోతే బయట నుంచే చెప్పండి.

రాజమండ్రిలో మా అక్కగారి పెద్దబ్బాయి. ఆడపిల్లకు అంత చదువేంటి, తీసుకొచ్చెయ్ అన్నవాడు. వాడికి రెండుసార్లు చెప్పండి.

నరసాపురంలో మా ఆవిడ పిన్నిగారు. ఇంట్లో వాళ్ళు ఉత్తరం చదివి వినిపిస్తారు.

ఉప్పాడలో మా పెద్ద వదినగారు, ఆయనకు అక్కగారు. ఈవిడకు నేనే వెళ్ళి చెప్పాలి. తమ్ముడు పోయిన సంగతి కూడా ఆవిడకు ఇంకా ఎవరూ చెప్పలేదు. ఎనభై దాటాయి, రెండు చెవులూ వినపడవు. సముద్రం పెరటి గోడ దాకా వచ్చేసింది. ఆ హోరులో చెవికి నోరు ఆనించి అరవాలి. ఏం చెబుతున్నారో తెలియక, ఎవరు ఏది అరిచినా ఆవిడ ముందు నవ్వుతుంది.